గ్రే కవి ఎలిజీ: ఒక పల్లెటూరి సమాధులు, మూడు భాషలు

ఆంగ్ల సాహిత్యం మనకెందుకు అనే ప్రశ్నను మా తరగతులలో ప్రతి సంవత్సరమూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఆ ప్రశ్న అడిగినవారిని మందలించవలసిన పని లేదు. అది న్యాయమైన ప్రశ్న. ఈ సాహిత్యం మన దేశానికి వచ్చినది పాలకుల భాషతోబాటు. 1835లో మెకాలే తన నివేదికను వ్రాసిననాటి ఉద్దేశం మనకు మంచి కవిత్వాన్ని రుచి చూపించడం కాదు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వెలసిన తరువాత షేక్స్‌పియరు, మిల్టను మన తాతముత్తాతలకు పరీక్షాపత్రాలుగానే పరిచయమయ్యారు. అటుపిమ్మట గైడులు వచ్చాయి. పద్యం చదవకుండానే పద్య సారాంశాన్ని కంఠస్థం చేసే సౌకర్యం కలిగింది. ఇంతటి దుర్వినియోగానికి గురియై కూడా కొన్ని రచనలు బ్రతికి ఉన్నవంటే వాటిలో ఏదో బలం ఉండి తీరాలి. ఆ బలమేమిటో ఒకే ఒక్క పద్యాన్ని ఆధారంగా చేసుకొని పరిశీలించాలని మేము తలచాము.

మేము ఎన్నుకొన్నది థామస్ గ్రే వ్రాసిన ‘ఎలిజీ’. దీనికి కారణం ఉన్నది. మా పఠన బృందంలో సగం మంది ఉర్దూ మాధ్యమంలోనుండి వచ్చినవారు, సగం మంది తెలుగు మాధ్యమంలోనుండి వచ్చినవారు. ఈ పద్యాన్ని ఆంగ్లంలో చదువుతూ ఉండగా ఉర్దూ మిత్రులొకరు, “ఇది మా ఇంట్లో మా తాతగారు చదివే ‘గోరె గరీబాఁ’ కదా!” అన్నారు. తెలుగు మిత్రులొకరు వెంటనే జాషువా గారి ‘శ్మశానవాటి’ని గుర్తు చేశారు. ఆ సాయంకాలం పాఠం ముగియలేదు. గ్రంథాలయం తలుపులు మూసేవరకు ఆ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొని కూర్చున్నాము. ఈ వ్యాసం ఆనాటి చర్చకు కొనసాగింపు.

ముందుగా కవి సంగతి. థామస్ గ్రే 1716 డిసెంబరు 26న లండను నగరంలోని కార్న్‌హిల్ వీథిలో జన్మించాడు. తల్లిదండ్రులకు పన్నెండుమంది సంతానం కలుగగా బ్రతికి బట్టకట్టినవాడు ఇతడొక్కడే. తండ్రి దస్తావేజులు వ్రాసే వృత్తిలో ఉన్నవాడు. కోపిష్ఠి, భార్యను హింసించినవాడు. తల్లి డొరొతీ తన సోదరితో కలిసి స్త్రీల టోపీలు, అలంకరణ సామగ్రి అమ్మే దుకాణం నడిపి, ఆ సంపాదనతో కుమారుని ఈటన్ పాఠశాలకు, ఆపైన కేంబ్రిడ్జికి పంపింది. పాఠకులు ఈ దుకాణాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలని మనవి. మళ్ళీ దాని దగ్గరకు వస్తాము.

ఈటన్‌లో గ్రేకు ప్రాణస్నేహితులు ఇద్దరు. ఒకరు ప్రధానమంత్రి కుమారుడైన హొరేస్ వాల్పోల్, మరొకరు రిచర్డ్ వెస్ట్. వెస్ట్ 1742లో నిండు యౌవనంలోనే మరణించాడు. గ్రే ఆ దుఃఖంనుండి పూర్తిగా తేరుకోలేదు. బకింగ్‌హాంషైర్‌లోని స్టోక్ పోజెస్ అనే పల్లెలో అతని తల్లి, పినతల్లులు కాపురం ఉండేవారు. కేంబ్రిడ్జినుండి సెలవులకు అక్కడికి వచ్చినప్పుడు ఆ ఊరి చర్చి ఆవరణలోని సమాధుల నడుమ అతడు గడిపిన సాయంకాలాలే ఈ పద్యానికి పునాది అని నమ్మకం. పద్యం సంవత్సరాల తరబడి సాగింది. నూట ఇరవై ఎనిమిది పంక్తులను పూర్తిచేసి వాల్పోల్‌కు పంపినది 1750 జూన్‌లో. ఏళ్ళ తరబడి అన్ని పంక్తులే! మన పరీక్షలలో అరగంటకు నాలుగు పుటలు నింపే మిత్రులు ఈ విషయమై కొంచెం ఆలోచించవచ్చు.

వాల్పోల్ దానిని చేతివ్రాత ప్రతిగా స్నేహితుల మధ్య త్రిప్పాడు. ఆ ప్రతి ఒక పత్రికవారి చేతిలో పడింది. తాము దానిని ప్రచురించబోతున్నామని వారు 1751 ఫిబ్రవరిలో గ్రేకు కబురు పంపారు. బిడియస్తుడైన కవి హడలిపోయి, వారికంటె ముందే పద్యాన్ని అచ్చువేయించవలసినదిగా వాల్పోల్‌ను వేడుకున్నాడు. డాడ్‌స్లీ అనే ప్రచురణకర్త కొద్దిరోజులలోనే, అనగా ఫిబ్రవరి 15న, దానిని ఆరు పెన్నీల చిన్న పుస్తకంగా వెలువరించాడు. దానిపై కవి పేరు లేదు. ఆ పుస్తకం ముద్రణ వెంట ముద్రణగా అమ్ముడుపోయింది. గ్రే మాత్రం ఒక్క పెన్నీ కూడ పుచ్చుకోలేదు, లాభం మొత్తాన్ని ప్రచురణకర్తకే వదలివేశాడు. 1757లో ఆస్థానకవి పదవి ఇవ్వజూపితే దానినీ కాదన్నాడు.

ఇక పద్యంలో ఉన్నదేమిటి? కథ లేదు. ప్రొద్దు గ్రుంకుతున్నది. చర్చి గంట మ్రోగుతున్నది. పశువులు ఇంటిముఖం పట్టినవి. దున్ని దున్ని అలసిన రైతు కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరుతున్నాడు. చీకటిలో ఒక్కడు మిగిలాడు, అతడే కవి. పురుగుల రొద, గుడ్లగూబ అరుపు తప్ప మరేమీ వినరాదు. ఎల్మ్ చెట్ల క్రింద, యూ చెట్టు నీడన, మట్టి గుట్టలుగా లేచిన చోట ఆ ఊరి పూర్వులు నిద్రిస్తున్నారు. వారికోసం ఇక పొయ్యి రాజదు. తండ్రి వచ్చాడని పరుగెత్తే పిల్లలు ఇక లేరు. ఒకనాడు ఆ చేతుల కొడవలికి పంట లొంగింది, ఆ నాగలికి గట్టినేల లొంగింది.

ఇంతవరకు ఇది ఒక సుందరమైన చిత్రం. ఇక్కడితో ఆగి ఉంటే గ్రే పేరు ఈనాడు కొద్దిమంది పండితులకు మాత్రమే తెలిసి ఉండేది. కాని అతడు ఆగలేదు. గొప్పవారివైపు తిరిగి, ఈ పేదల గోరీలను చూచి నవ్వకండి అన్నాడు. మీ వంశచిహ్నాలు, మీ అధికారం, మీ పాలరాతి విగ్రహాలు అన్నీ చేరేది ఇదే చోటుకు అన్నాడు. ఇది కూడ పాతమాటే. మన వేమన, మన సూఫీలు ఇదే చెప్పారు. మా దృష్టిలో పద్యానికి గుండెకాయ ఆ తరువాత వచ్చే మలుపు. ఈ మట్టిలో పడుకున్నవారిలో రాజ్యమేలదగిన చేతులు ఉండవచ్చునే, వీణను మేల్కొల్పదగిన వేళ్ళు ఉండవచ్చునే, మరి ఏమైపోయాయి అని కవి అడుగుతాడు. విద్య అనే గ్రంథం వారి ఎదుట తెరువబడలేదు. దారిద్ర్యం వారి ఉత్సాహాన్ని మంచువలె గడ్డకట్టించింది. మరణం అందరికీ సమానమే కావచ్చు, మరణానికి ముందు జరిగిన ఈ నష్టం మాత్రం అందరికీ సమానం కాదు. ఆ సంగతిని 1751లో ఒక ఆంగ్ల కవి, ఊరూ పేరూ లేని రైతుల సమాధులముందు నిలబడి, ఇంత సూటిగా చెప్పడం చిన్న విషయం కాదు.

ఆ సందర్భంలో మూడు పేర్లు వస్తాయి. గైడులు వీటికి మూడు ముక్కలలో అర్థం చెప్పి వదలివేస్తాయి గనుక మేము కొంచెం నిలుస్తాము. మొదటివాడు జాన్ హాంప్‌డెన్. పార్లమెంటు అనుమతి లేకుండా మొదటి చార్లెస్ రాజు విధించిన ఓడల పన్నును తాను కట్టనని నిరాకరించి, 1637లో న్యాయస్థానంలో పోరాడినవాడు. అతడు కట్టవలసినది ఇరవై షిల్లింగులే, కాని అతడు పట్టుబట్టినది సూత్రంకోసం. రెండవవాడు మిల్టను మహాకవి. మూడవవాడు క్రాంవెల్, రాజును వధింపజేసి రాజ్యమేలినవాడు. తన పొలానికి వచ్చిన చిన్న జులుంగాణ్ణి గుండె నిబ్బరంతో ఎదిరించిన పల్లెటూరి హాంప్‌డెన్ ఒకడు ఇక్కడ పడుకొని ఉండవచ్చునని గ్రే అంటాడు. దొరల గడీలనుగూర్చి పెద్దలనోట విన్న తెలంగాణ విద్యార్థికి ఈ పంక్తిని విప్పి చెప్పడానికి అధ్యాపకుడు అవసరం లేదు. నోరులేని మిల్టను, నెత్తుటి మరక అంటని క్రాంవెల్ కూడ ఇక్కడే ఉండవచ్చునట. ఈ మూడవ పేరులో కొంచెం చేదు కలిసి ఉన్నది. పేదరికం వారి మంచినే కాదు, వారు చేయగలిగిన చెడునూ ఆపింది. రక్తపుటేరులు దాటి సింహాసనం ఎక్కే అవకాశం వారికి లేకపోయింది.

ఈటన్ కళాశాలలో భద్రపరచబడిన తొలి చేతివ్రాత ప్రతిలో ఈ మూడు పేర్లు లేవు. అక్కడ ఉన్నవి కేటో, టల్లీ, సీజర్ అనే రోమనుల పేర్లు. టల్లీ అంటే సిసిరో. గ్రే గొప్ప లాటిన్ పండితుడు, అతనికి ఆ పేర్లే ముందు తట్టాయి. తరువాత వాటిని కొట్టివేసి తన దేశపు పేర్లు వేశాడు. హాంప్‌డెన్ ఆ బకింగ్‌హాంషైర్ వాడే. మిల్టను 1665లో ప్లేగునుండి తప్పించుకొనడానికి తలదాచుకొన్న చాల్ఫాంట్ సెయింట్ గైల్స్ కూడ ఆ జిల్లాలోనిదే. చదువుకొన్న పరాయి సాహిత్యాన్ని తన ఊరి మట్టిలో నాటడమనే పనిని మన రచయితలకంటె ముందు ఆ ఆంగ్ల కవే చేసి చూపించాడు. అనుకరణ వేరు, ఆత్మీకరణ వేరు అని వాదించేటప్పుడు మేము ఈ చేతివ్రాత ప్రతిని సాక్ష్యంగా పెడతాము.

ఆత్మీకరణ అనే మాట వచ్చింది గనుక, కందుకూరి వీరేశలింగం పంతులు గారిని తలచుకోకుండా ముందుకు పోలేము. గ్రేకు సమకాలికుడైన గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నవలను చూచి పంతులు గారు 1878లో ‘రాజశేఖర చరిత్రము’ను అల్లారు. ఆంగ్ల గ్రామపురోహితుని కుటుంబం ధవళేశ్వరంలోని బ్రాహ్మణ గృహస్థుని కుటుంబమైనది. గోదావరి ఒడ్డున ఆ కథకు కొత్త జీవం వచ్చింది. ఆ తెలుగు నవలే 1887లో ‘ఫార్చ్యూన్స్ వీల్’ అనే పేరుతో లండనులో ఆంగ్లంలో వెలువడింది. బయలుదేరిన ఊరికే, వేషం మార్చుకొని, తిరిగి చేరింది! దీనిని గురించి వేరొక వ్యాసమే వ్రాయవలసి ఉంటుంది.

ఎలిజీ ప్రభావం దాని సొంత దేశంలో ఎంత విస్తరించినదో లెక్కపెట్టడం కష్టం. డాక్టర్ జాన్సన్‌కు గ్రే కవిత్వమంటే పెద్దగా గిట్టదు. మిగిలిన పద్యాలను చీల్చి చెండాడినాడు. అటువంటి జాన్సన్ కూడ, ఈ పద్యం దగ్గరకు వచ్చేసరికి, సామాన్య పాఠకుల తీర్పుకు తలవంచుతున్నానని, ఇందులోని భావాలు ప్రతి హృదయంలోనూ మారుమ్రోగుతవని 1781 ప్రాంతాన ఒప్పుకొన్నాడు. థామస్ హార్డీ 1874నాటి తన ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’ నవలకు పేరు ఇందులోనుండే తీసుకొన్నాడు. మొదటి ప్రపంచయుద్ధపు దుర్మార్గాన్ని చూపిన ‘పాత్స్ ఆఫ్ గ్లోరీ’ అనే నవలకు, 1957లో కూబ్రిక్ తీసిన చిత్రానికీ పేరు ఇక్కడిదే. 1759లో క్విబెక్ ముట్టడికి ముందు జనరల్ వుల్ఫ్ పడవలో ఈ పద్యం చదివాడనే కథ ఒకటి ప్రచారంలో ఉన్నది. చరిత్రకారులు దానిని పూర్తిగా నమ్మరు. అయినా అటువంటి కథ పుట్టడమే పద్యానికి గల గౌరవాన్ని తెలుపుతుంది.

ఇప్పుడు మన నగరానికి వద్దాము. సయ్యద్ అలీ హైదర్ నజ్మ్ తబాతబాయీ గారు లక్నోలో పుట్టి, కలకత్తా సమీపాన మటియాబుర్జ్‌లో పదవీచ్యుతుడైన వాజిద్ అలీ షా కుమారులకు చదువు చెప్పి, ఆ నవాబు 1887లో మరణించిన తరువాత హైదరాబాదు చేరారు. నిజాం కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు. గాలిబ్ దీవానుకు 1900లో వెలువడిన వీరి వ్యాఖ్య నేటికీ పండితులకు శిరోధార్యం. వీరు ఎలిజీని ‘గోరె గరీబాఁ’ అనే పేరుతో ఉర్దూలోకి తెచ్చారు. అది 1897లో అబ్దుల్ హలీం శరర్ గారి ‘దిల్‌గుదాజ్’ పత్రికలో అచ్చయింది. ఉర్దూ పద్యానికి అలవాటైన ప్రాసల పద్ధతిని విడిచి, గ్రే పద్ధతిలో ఒకటవ పాదానికి మూడవదానితో, రెండవ పాదానికి నాల్గవదానితో ప్రాస కుదిర్చారు. ఆ రోజులలో అది సాహసం. తరువాతి తరాల ఉర్దూ నజ్మ్‌కు అది ఒక కొత్త దారి చూపింది.

మా ఉర్దూ మిత్రులు ఎక్కువసేపు నిలిచినది ఛందస్సు దగ్గర కాదు, పేరు దగ్గర. ‘గరీబ్’ అంటే మనమందరమూ పేదవాడు అనుకొంటాము. అరబ్బీలో ఆ మాటకు అసలు అర్థం పరదేశి, తన ఇంటికి దూరమైనవాడు. ‘గోరె గరీబాఁ’ అంటే దిక్కులేని పరదేశులను పాతిపెట్టే చోటు, పేదల సమాధిస్థలం కూడ. రెండు అర్థాలూ ఒకే మాటలో ఒదిగినవి. అంతేకాదు, తొలి చరణంలోనే తబాతబాయీ గారు సాయంకాలానికి వాడిన మాట ‘శామె గరీబాఁ’. ముహర్రం పదవనాటి రాత్రి, కర్బలాలో అంతా ముగిసిన తరువాత డేరాలు కాలిన వెలుగులో మిగిలిన స్త్రీలు, పిల్లలను తలచి దుఃఖించే రాత్రికి అదే పేరు. పీర్ల పండుగను ఊరంతా కలిసి జరుపుకొనే మన పల్లెలనుండి వచ్చిన తెలుగు మిత్రులకు కూడ ఈ సంగతి చెప్పగానే ఒళ్ళు జలదరించినది. గ్రే చూచినది స్టోక్ పోజెస్‌లోని మామూలు సాయంత్రం. తబాతబాయీ గారి ఒక్క మాటతో ఆ సాయంత్రానికి పన్నెండు వందల ఏళ్ళ దుఃఖం వెనుక నిలబడినది. అనువాదంలో కవిత్వం నశిస్తుందని అంటారు. ఇక్కడ మాత్రం పెరిగినదని మా అభిప్రాయం.

గుర్రం జాషువా గారి ‘శ్మశానవాటి’ అనువాదం కాదు. దానికి ఎలిజీకి బంధుత్వం అంటగట్టడం మా ఉద్దేశం కూడ కాదు. ‘సత్యహరిశ్చంద్ర’ నాటకంలో కాటిసీనులో నటులు ఆ పద్యాలను రాగయుక్తంగా పాడుతూ ఉంటే అక్షరం రాని ప్రేక్షకులు “వన్స్‌మోర్” అని కేకలు వేసేవారని మన పెద్దలందరికీ తెలుసు. కవుల కలాలు, ఇల్లాళ్ళ సౌభాగ్యం, రాజముద్రలు అన్నీ ఆ నిప్పులలో కరిగిపోవడం అందులో ఉన్నది. ఇంతవరకు గ్రేతో సమానమే. కాని అంటరానితనం తిరుగాడడానికి చోటులేని స్థలం శ్మశానం ఒక్కటే అని జాషువా గారు చెప్పినచోట మేమందరమూ ఆగిపోయాము. గ్రే రైతులను చూచి జాలిపడ్డాడు, గౌరవించాడు. అయినా అతడు వారిలో ఒకడు కాదు, గట్టుమీద నిలబడిన చదువరి. జాషువా గారు 1895లో వినుకొండలో పుట్టి, కులం పేరిట అవమానాలను స్వయంగా పడి, అక్షరాన్ని పట్టుదలతో సాధించినవారు. గ్రే ఊహించిన నోరులేని మిల్టనుకు నోరు వస్తే ఎట్లుంటుందో ఆ పద్యాలలో వినవచ్చును.

ఈ చర్చలోనే మాలో ఒక తగాదా పుట్టినది. ఒక విద్యార్థిని, ఇంటిలో కళాశాల గడప తొక్కిన మొదటి వ్యక్తి, ఇట్లా అడిగినది: “సముద్రపు లోతులలో రత్నం, ఎడారిలో పువ్వు అని వర్ణిస్తే వినడానికి బాగున్నది సార్. కాని మా అమ్మను బడి మాన్పించినది సముద్రమా? మనుషులు కదా!” మాలో కొందరు పద్యం పక్షం వహించారు, కొందరు ఆమె పక్షం. తరువాత వెదికితే, ఇదే ఆక్షేపణను 1935లో విలియం ఎంప్సన్ అనే ఆంగ్ల విమర్శకుడు లేవనెత్తినట్లు కనిపించినది. ప్రతిభగల పేదవాడికి పైకి వచ్చే ఏర్పాటు ఆనాటి ఇంగ్లండులో లేకపోవడాన్ని గ్రే ప్రకృతిధర్మంగా చిత్రించాడని, గుహలో ఉండడం రత్నానికి బాధ కాదు గదా, తెంపకుండా ఉండడమే పువ్వుకు ఇష్టం గదా అని అతని వాదం. సాటి మనుషులు చేసిన అన్యాయాన్ని ఉపమానం మెత్తగా కప్పివేస్తుందని సారాంశం. పుస్తకం చూడకుండానే మా విద్యార్థిని ఆ మాట అనగలిగినందుకు మాకు గర్వంగా ఉన్నది.

ఆమె వాదాన్ని మేము చాలవరకు అంగీకరిస్తాము. గ్రే ఓదార్పు కొంచెం తొందరగా వచ్చినదనే మా తీర్పు. ఆ పేదలు గుంపుల గోలకు దూరంగా ప్రశాంతంగా బ్రతికారనే మాటలో నిజం తక్కువ, కోరిక ఎక్కువ. ఆకలిగొన్న ఇంట ప్రశాంతత ఉండదు. అయినా ఒక మాట మిగిలి ఉన్నది. ఆ ప్రశ్నను అడిగించినది కూడ ఆ పద్యమే. సమాధిపై వంకరటింకర అక్షరాలు చెక్కిన, చదువురాని పల్లెకవులకు కూడ జ్ఞాపకం అనేది అవసరమేనని, తమను పూర్తిగా మరచిపోవడాన్ని ఏ ప్రాణీ కోరుకోదని చెప్పిన తరువాతనే, ఆ అమ్మ బడి ఎందుకు మాన్పించబడినదని అడగడానికి తోవ ఏర్పడినది.

ఇప్పుడు కార్న్‌హిల్ వీథిలోని దుకాణానికి తిరిగి వద్దాము. ఆ తల్లి టోపీలు అమ్మి ఉండకపోతే, భర్త దెబ్బలకు లొంగి దుకాణం మూసి ఉంటే, గ్రే ఏమయ్యేవాడు? అతడే నోరులేని మిల్టనుగా మిగిలేవాడు. పద్యంలో ఎక్కడా తల్లి ప్రసక్తి లేదు. కాని రత్నాలను వెలికితీయడానికి ఎవరో ఒకరు నీటిలో దిగవలసి ఉంటుందని అతనికి ఇంటిలోనే తెలిసి ఉండాలి. ఇది మా ఊహ మాత్రమే, విమర్శకులు ఒప్పుకొనకపోవచ్చును. మా విద్యార్థినికి ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె, “మా అమ్మ కుట్టుమిషను త్రొక్కుతుంది సార్” అని మాత్రం అన్నది.

డొరొతీ గ్రే 1753లో మరణించినది. ఆమెను స్టోక్ పోజెస్ చర్చి ఆవరణలోనే, తన సోదరి ప్రక్కన ఖననం చేశారు. ఆమె అనేకమంది బిడ్డల తల్లియని, వారిలో ఒక్కనికి మాత్రమే ఆమె తరువాత బ్రతికి ఉండే దౌర్భాగ్యం కలిగినదని కుమారుడు ఆ రాతిపై వ్రాయించాడు. 1771 జులై 30న గ్రే కేంబ్రిడ్జిలో కన్నుమూశాడు. అతని కోరిక ప్రకారం ఆ తల్లి సమాధిలోనే అతనినీ ఉంచారు. ఆ సమాధి రాతిపై తల్లి పేరు, పినతల్లి పేరు ఉన్నవి. గ్రే పేరు లేదు. అతడు అక్కడే ఉన్నాడని తెలుపుతూ ఎదుటి చర్చి గోడకు తరువాత ఎవరో చిన్న ఫలకం అమర్చారు.